ఫోన్ మీద మోపిన నేరం

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు సభ దుగ్గిరాల బడిలో పెట్టినా, తెనాలిలో పెట్టినా, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో పెట్టినా, వేదిక ఎక్కిన వక్తల్లో ఒకరైనా ఈ మాట అనకుండా దిగరు: సెల్‌ఫోన్ వచ్చి తెలుగును పాడుచేసింది, పిల్లలకు నాలుగు వాక్యాలు రాయడం రాదు, నాలుగు నిమిషాలు నిలబడి మాట్లాడటం రాదు. చప్పట్లు పడతాయి. ముందు వరసలో పెద్దలు తలలూపుతారు. తలూపుతూనే ఆ ప్రసంగాన్ని ఫోన్లో రికార్డు చేసి గ్రూపులో పెడతారు. అందరూ ఒప్పుకున్న మాట కాబట్టి దాన్ని పరీక్షించే పని ఎవరూ పెట్టుకోరు. వ్యాసరచన, వాదన నేర్పే వృత్తిలో ఉన్నవాళ్లకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఎక్కువ మంది ఒప్పుకున్నంత మాత్రాన ఒక మాట నిజమైపోదని పిల్లలకు చెప్పేది వాళ్లే కదా.

ఖండించే ముందు ఎదుటి వాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలి. ఆ వాదంలో నాలుగు అంశాలున్నాయి. ఒకటి, రాత పోయింది: ఉత్తరం రాసే అలవాటు తప్పి, బొటనవేలు గుర్తూ రెండు బొమ్మలూ మిగిలాయి. రెండు, మర్యాద పోయింది: కామెంట్లలో తిట్లు తప్ప మాటలు కనపడవు. మూడు, ఏకాగ్రత పోయింది: అర నిమిషం వీడియోకు అలవాటుపడ్డ కన్ను పది పేజీల కథను భరించదు. నాలుగు, నిజం పోయింది: ఎవరు పుట్టించారో తెలియని అబద్ధం తెల్లారేసరికి ఊరంతా తిరిగి వస్తుంది. వీటన్నిటికీ కారణం ఒక్కటే, ఫోన్; మందు ఒక్కటే, దాన్ని లాక్కోవడం. ఈ నాలుగు లక్షణాలూ కళ్లకు కనపడేవే, కాదనేవాళ్లు లేరు. తేడా అంతా కారణం దగ్గర. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు.

1. రోగం ముందు, కారణం తర్వాతా?

కారణం కార్యానికి ముందుండాలి. తర్కంలో ఇది మొదటి మెట్టు. మన పల్లెల్లో చాలా ఇళ్లలోకి ఇంటర్నెట్ వచ్చింది 2016 సెప్టెంబరు తర్వాత, జియో రాకతో డేటా చవకయ్యాక. పిల్లలు రాయడం మానేసింది అప్పుడా? ఎంసెట్ మొదలైంది 1986లో. ఇంజినీరింగ్ కోరే విద్యార్థికి అందులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్క వాక్యం రాయనక్కర్లేదు, జవాబు ఎంచుకుంటే చాలు. ఈ పరీక్ష కోసమే గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ కాలేజీల కోసం హైస్కూళ్లు, హైస్కూళ్ల కోసం ప్రాథమిక పాఠశాలలు తమ చదువును ‘బిట్స్’ కింద తరిగి పెట్టాయి. తెలుగు మాస్టారి పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకోవడం మామూలైంది. ఇంటర్లో తెలుగుకు బదులు సంస్కృతం తీసుకుంటే మార్కులు ఎక్కువ పడతాయని కాలేజీయే చెప్పింది, తల్లిదండ్రులు సంతోషంగా సరేనన్నారు. ఇదంతా జరిగేటప్పటికి పిల్లల చేతుల్లో ఫోన్ లేదు. చాలా ఇళ్లలో ల్యాండ్‌లైన్ కూడా లేదు.

‘అయినా పరీక్షల్లో వ్యాసం ప్రశ్న ఉండేదిగా’ అంటారు. ఉండేది, ఇప్పటికీ ఉంది. దానికి జవాబు ఎక్కడి నుంచి వచ్చేదో కూడా చెప్పుకోవాలి. బజారులో గైడు దొరికేది. వరకట్నం మీద ఒక వ్యాసం, పర్యావరణం మీద ఒకటి, విజ్ఞానశాస్త్రం వల్ల లాభనష్టాల మీద ఒకటి. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం అన్న మూడు ఉపశీర్షికల కింద నింపిన ఆ వాక్యాలను బట్టీ కొట్టి దించడమే వ్యాసరచన అనిపించుకుంది. వరకట్నం తప్పని రాసిన అబ్బాయి తన తండ్రితో ఆ విషయం మీద రెండు నిమిషాలు వాదించగలడా అని ఎవరూ అడగలేదు. ఎదుటివాడు ఏమంటాడో ఊహించి దానికి జవాబు సిద్ధం చేసుకోవడం ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. అప్పుడు రాష్ట్రమంతా హోరెత్తింది. ఆ హోరంతా ఏ మాధ్యమం అన్నదాని మీదే. ఏ మాధ్యమంలోనైనా సరే, పిల్లవాడు ఒక మాటను నిలబెట్టుకోవడం నేర్చుకుంటున్నాడా అన్న ప్రశ్నకు అందులో చోటు దక్కలేదు. ముప్పై ఏళ్లపాటు బడి వదిలేసిన పనికి ఫోన్‌ను దోషిగా నిలబెట్టడం తేలిక. ఫోన్ ఎదురు చెప్పదు.

2. ఉత్తరాల కాలం ఎవరిది?

ఈ వాదంలో అన్నిటికన్నా తీపి భాగం ఉత్తరాలది. దుగ్గిరాల ప్రాంతంలో ఈ మాట రాగానే సంజీవదేవ్ పేరు వస్తుంది, రావాలి కూడా. దుగ్గిరాలకు దగ్గర్లోని తుమ్మపూడిలో పుట్టి, హిమాలయాల దాకా తిరిగి, మళ్లీ తుమ్మపూడిలోనే 1999 దాకా జీవించిన చిత్రకారుడు, కళావిమర్శకుడు ఆయన. పల్లెటూళ్లో కూర్చుని దేశదేశాల కళాకారులతో, ఆలోచనాపరులతో ఉత్తరాల ద్వారా సంబంధం నిలుపుకున్నారు. ఆ ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి. ‘చూశారా, ఇప్పుడు అలాంటివాళ్లున్నారా’ అని అడుగుతారు. ఈ ప్రశ్నలోనే పొరపాటుంది. తుమ్మపూడికి వచ్చిన తపాలా సౌకర్యమే పక్క ఊళ్లకూ వచ్చింది. అదే కార్డు, అదే ఇన్లాండ్ కవరు, అదే తపాలా బంట్రోతు. అయినా ప్రతి ఊళ్లోనూ ఒక సంజీవదేవ్ తయారుకాలేదు. అంటే ఆయన్ని తయారుచేసింది తపాలా శాఖ కాదు. చదువు, చూపు, ఎదుటి మనిషి ఎవరో ఎరిగి ఆ మనిషికి తగ్గట్టు రాసే శ్రద్ధ ఆయన్ని తయారుచేశాయి. సాధనం చేతికొచ్చినంత మాత్రాన విద్య రాదన్నది నిజమైతే, సాధనం మారినంత మాత్రాన విద్య పోదన్నదీ నిజమే.

మామూలు ఇళ్ల ఉత్తరాలు ఎలా ఉండేవో గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం, వర్షాలు పడ్డాయి, గేదె ఈనింది, మిగతా విషయాలు కలిసినప్పుడు. అందులో తప్పేమీ లేదు, ఆ ఉత్తరం పని అంతే. ఈనాటి వాట్సాప్ సందేశం చేసేదీ ఆ పనే. ఆ తీపి కాలంలోనే ఇంకో రకం కార్డు కూడా తిరిగేది: ఫలానా గుడిలో పాము మనిషి రూపంలో వచ్చి మాట్లాడింది, ఈ సంగతి ఇంతమందికి రాసి పంపితే మేలు, చింపేస్తే కీడు. చదువుకున్న ఇళ్లవాళ్లు కూడా భయపడి కూర్చుని చేత్తో నకళ్లు రాసి పోస్టు చేశారు. ఫార్వర్డ్ అన్నది మన మధ్యకు ఫోన్‌తో రాలేదు, పోస్టుకార్డుతో వచ్చింది.

పైగా ఆనాడు ఉత్తరం రాయగలిగినవాళ్లు ఎందరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 1961లో 21 శాతం, 1991లో 44 శాతం, 2011లో 67 శాతం. ఉత్తరాల స్వర్ణయుగమని చెప్పుకునే రోజుల్లో జనంలో ఎక్కువమంది ఇంకొకరి చేత రాయించుకుని, ఇంకొకరి చేత చదివించుకున్నవాళ్లే. ఆడవాళ్లు, దళితులు, కూలి జనం ఆ లెక్కలో అడుగున ఉన్నారు. ఇవాళ వాళ్ల పిల్లలు, మనవలు రోజూ ఏదో ఒకటి రాస్తున్నారు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తున్నారని మందలిస్తాం. ఫోన్లో తెలుగు కీబోర్డు ఎప్పటినుంచో ఉంది, దాన్ని వాడటం నేర్పిన బడి ఎన్నడైనా కనపడిందా? ఇంతమంది తెలుగువాళ్లు ఇంత తరచుగా రాసిన కాలం చరిత్రలో ఇంతకుముందు లేదు. రాస్తున్నది బాగాలేదంటే, బాగా రాయడం నేర్పాల్సినవాళ్లు ఏం చేస్తున్నారన్నదే సరైన ప్రశ్న.

3. తిట్టు పాతదే, పారిపోవడం కొత్తది

వెనకటి వాదాలు మర్యాదగా సాగేవన్న నమ్మకం ఎంత బలమైనదంటే, ఏ రోజున ఈ మాట అంటున్నారో కూడా వక్తలకు గుర్తుండదు. గిడుగు రామమూర్తి జీవితమంతా వాదమే. 1910ల్లో స్కూల్ ఫైనల్ విద్యార్థులు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న దగ్గర రగిలిన వివాదంలో వ్యావహారికం వైపు గిడుగు, గురజాడ, గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలబడ్డారు. వ్యావహారికం వస్తే భాష నాశనమని ఆనాటి పండితులు చెప్పిన పద్ధతికీ, ఫోన్ వస్తే భాష నాశనమని ఈనాడు చెప్పే పద్ధతికీ తేడా తక్కువ. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య గుంటూరు సీమలో సాగిన పోరు ఏ మర్యాద పుస్తకంలోనూ ఇమడదు. తెనాలిలో ఉండి త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీసినప్పుడు వచ్చిన ప్రతిస్పందనలూ పూలదండలు కావు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. అనుమానం ఉన్నవాళ్లు బాపట్ల జిల్లా దాటనక్కర్లేదు.

మరి తేడా లేదా? ఉంది, పెద్దదే. కానీ అది తిట్టులో లేదు, జవాబుదారీలో ఉంది. ఆనాడు రాసినవాడికి పేరుంది. మారుపేరు పెట్టుకున్నా వెనక సంపాదకుడున్నాడు, ఎదుటి పక్షం జవాబు అచ్చవుతుంది, చదివేవాళ్లు రెండూ పోల్చి చూస్తారు. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి ఏ ఎత్తయినా వేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటిదాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. ఓటమికి గురుతులుగా ఇరవై రెండు నిగ్రహస్థానాలను కూడా ఆ సూత్రాలు లెక్కపెట్టాయి. వాటిని చదివినవాళ్లకు ఈనాటి కామెంట్ల పెట్టె కొత్తగా అనిపించదు.

దగ్గర నుంచి ఒకటి చూద్దాం. రేపల్లె వైపు చివరి ఆయకట్టు రైతు ఒకాయన, కాలువ నీళ్లు తమ పొలం దాకా రాలేదని ఫోటోతో సహా పెట్టాడనుకోండి. మొదటి జవాబు: ‘మీ పార్టీ ఉన్నప్పుడు వచ్చాయా?’ తన మీద మోపిన దోషాన్ని తీసేయకుండా నీకూ అదే దోషం ఉందనడం. దీన్ని శాస్త్రం మతానుజ్ఞ అంది. అలా అన్నవాడు దోషం ఉందని ఒప్పేసుకున్నట్టే, ఓడినట్టే. రెండో జవాబు: ‘ముందు రాజధాని సంగతి చెప్పు.’ ఇది అర్థాంతరం, ప్రస్తుతం వదిలి వేరే దానిలోకి దూకడం. మూడో జవాబు: ‘ఈ పోస్టుకు ఎంత ఇచ్చారు?’ ఇక్కడ వాదమే లేదు. ఈ ముగ్గురూ కలిసి పది నిమిషాల్లో ఆ రైతు నోరు మూయిస్తారు. వాళ్లకు ఈ ఎత్తులు నేర్పింది ఫోన్ కాదు. టీవీ చర్చల్లో పెద్దమనుషులు, శాసనసభల్లో ప్రజాప్రతినిధులు రోజూ చేసి చూపిస్తున్నవే. బడిలో ఎవరైనా ‘ఇలా అనడం ఓడిపోవడం’ అని చెప్పి ఉంటే, కనీసం ఆ రైతు పక్కన ఉన్నవాళ్లయినా ఆ ఎత్తును పేరు పెట్టి పిలిచేవారు. పేరు తెలిసిన దొంగ ఎత్తుకు పదును తగ్గుతుంది.

4. ఏకాగ్రత గాలిలోంచి రాదు

అర నిమిషం వీడియోలు ఏకాగ్రతను తినేశాయంటారు. ఏకాగ్రత మనిషికి పుట్టుకతో నిండుగా వచ్చి, ఫోన్ చూసేకొద్దీ కరిగిపోయే సరుకన్నట్టు ఈ మాట వినిపిస్తుంది. తెలుగువాళ్లకు ఇలా అనుకునే హక్కు అందరికన్నా తక్కువ. ఎందుకంటే పరధ్యానం కలిగించడాన్నే ఒక అంగంగా పెట్టుకున్న సాహిత్య ప్రక్రియ మనకుంది. అష్టావధానంలో ఒక పృచ్ఛకుడు సమస్య ఇస్తాడు, ఒకడు దత్తపది ఇస్తాడు, ఇంకొకడు నిషిద్ధాక్షరితో అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. వీళ్లు చాలనట్టు అప్రస్తుత ప్రసంగి అనే ఆయన్ని పనిగట్టుకుని కూర్చోబెడతారు. పద్యం సగంలో ఉండగా వంట గురించో సినిమా గురించో అడిగి అవధాని దృష్టి చెదరగొట్టడమే ఆయన పని. పక్కన గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో కూడా చెప్పాలి. ఇదంతా దాటి చివర ధారణ, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం. దృష్టి చెదరకుండా నిలపడం సాధనతో వచ్చే విద్య అనీ, చెదరగొట్టేవాళ్ల మధ్యే దాన్ని పరీక్షించాలనీ మనవాళ్లకు తెలుసు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది, దాటవేయకూడదు. అప్రస్తుత ప్రసంగి ఒక్కడు, సభ అయ్యాక ఇంటికి పోతాడు, అవధాని ఓడితే ఆయనకు లాభం లేదు. ఫోన్లో ఉన్న ప్రసంగి ఒక్కడు కాదు. వేలమంది ఇంజినీర్లు, అంతులేకుండా కిందికి జారే తెర, దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియో, అర్ధరాత్రి మోగే నోటిఫికేషన్. వాళ్ల ఆదాయం మన చూపు ఎంతసేపు నిలిచిందన్నదాని మీద ఆధారపడింది. పదేళ్ల పిల్లవాణ్ని ఆ సైన్యం ముందు నిలబెట్టి ‘సాధన చెయ్’ అనడం అన్యాయం. నిజమే. అందుకే చిన్నపిల్లలకు హద్దులు పెట్టడాన్ని ఈ వ్యాసం వ్యతిరేకించదు. 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి అమలవుతోంది. అలాంటి చట్టం అక్కర్లేదనీ అనను. కానీ చట్టం చేయగలిగింది ఖాతాను ఆపడం వరకే. పదహారు నిండిన మర్నాడు ఆ పిల్లవాడు ఖాతా తెరుస్తాడు. అప్పటికి అతనికి పది పేజీల వ్యాసం చదివి అందులో వాదం ఎక్కడ మొదలైందో, ఎక్కడ జారిందో చెప్పడం వచ్చి ఉండాలి. నిషేధం వాయిదా వేస్తుంది, విద్యను ఇవ్వదు. ఇంట్లో ఫోన్ లాక్కుని ఆ సాయంత్రాన్ని ట్యూషన్‌లో బిట్స్‌తో నింపినంత మాత్రాన ఏకాగ్రత పెరగదు, ఒక చిన్న తునకకు బదులు ఇంకో చిన్న తునక ఇచ్చినట్టవుతుంది.

5. పసుపు యార్డు నేర్పే పాఠం

జనం ఏది వస్తే అది నమ్మేస్తున్నారు, ఫోన్ వాళ్ల బుద్ధిని మొద్దుబార్చింది అంటారు. దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర ఈ మాట నిలవదు. యార్డులో ధరలు రోజూ ఫోన్లలో తిరుగుతాయి. పసుపు ధర పెరిగిందని ఒక సందేశం వస్తే రైతు వెంటనే బస్తాలు కట్టడు. ఏ యార్డు ధర, దుగ్గిరాలదా, నిజామాబాదుదా, సాంగ్లీదా, ఈరోడ్‌దా? కొమ్ముకా, కాయకా? కొత్త పంటా, పాత సరుకా? కనిష్ఠమా, గరిష్ఠమా, మోడల్ ధరా? ఒక్క లాటుకు పలికిన గరిష్ఠ ధరను అందరి ధరగా చూపిస్తున్నారా? ఇది ఎప్పటి మాట, ఈ రోజుదా, పోయిన వారానిదా? పంపినవాడు ఎవరు, వ్యాపారా, కమీషన్ ఏజెంటా, పక్క రైతా, అతనికి ఇందులో ఏం ఒరుగుతుంది? పెద్ద చదువులు లేని మనిషి ఒక సందేశానికి వేసిన ప్రశ్నలివి. పత్రికా విలేకరుల శిక్షణలో చెప్పే ప్రశ్నలు దాదాపు ఇవే. చెప్పినవాడు ఆప్తుడా, అంటే నమ్మదగినవాడా, కాడా అని తేల్చుకున్నాకే మాటను ప్రమాణంగా తీసుకోమన్న తర్కశాస్త్ర సూత్రాన్ని ఆయన చదవకుండానే పాటిస్తున్నాడు.

అదే రైతు అదే సాయంత్రం, పసుపు ఫలానా విధంగా తాగితే కేన్సర్ పోతుందన్న సందేశాన్ని ఒక్క ప్రశ్న వేయకుండా బంధువులకు పంపవచ్చు. చేతిలో ఫోన్ ఒకటే, మనిషి ఒకడే, సరుకు కూడా ఒకటే. ఫోన్ బుద్ధిని చంపితే రెండుచోట్లా చంపాలి. తేడా ఎక్కడుంది? ధర విషయంలో అతనికి అనుభవం ఉంది, పొరబడితే నష్టం తనదే, మర్నాడు యార్డుకు వెళితే నిజం తేలిపోతుంది. వైద్యం విషయంలో తేల్చుకునే దారి తెలియదు, పంపినందుకు పోయేదేమీ లేదు, పంపితే బంధువుల మీద ప్రేమ చూపినట్టూ ఉంటుంది. ప్రశ్నించే శక్తి అతనిలో ఉంది. దాన్ని తెలిసిన రంగం నుంచి తెలియని రంగానికి మోసుకెళ్లడం ఎవరూ నేర్పలేదు. నేర్పడమంటే అదే. దుగ్గిరాలలో తెలుగు మాస్టారు ఈ రెండు సందేశాలనూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే ఒక నెల పాఠం అక్కడే ఉంది.

పుకారుకు ఫోన్ అక్కర్లేదనడానికి 1995 సెప్టెంబరు 21 సాక్ష్యం. ఆ ఒక్కరోజులో వినాయకుడు పాలు తాగుతున్నాడన్న మాట దేశమంతా పాకి, గుళ్ల ముందు క్యూలు కట్టించింది. సెల్‌ఫోన్ దేశంలోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు. అలాగని కొత్త ప్రమాదాన్ని చిన్నది చేయకూడదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలతో తెలుగు రాష్ట్రాల్లో అపరిచితుల మీద మూకలు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. పాలు తాగిన పుకారు ఒక పూట నవ్వుతో పోయింది, ఇది మనుషుల్ని తీసుకుపోయింది. వేగం, ఫోటో, తెలిసినవాళ్ల నుంచి వచ్చిందన్న నమ్మకం కలిస్తే మాట ఆయుధమవుతుంది. అందుకే ఆ ఏడాది జులైలో వాట్సాప్ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. హద్దు పెట్టగలిగారంటే, హద్దు లేకుండా నడపడం కూడా మనుషులు తీసుకున్న నిర్ణయమేనని అర్థం. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను వదిలేసి ‘టెక్నాలజీ’ అని నిట్టూర్చడం వాళ్లకు మేలు చేయడమే.

ఇంటర్నెట్ అంటేనే అబద్ధమన్న మాటకు ఎదురు ఉదాహరణా తెలుగులోనే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అదీ ఇంటర్నెట్టే, అక్కడ రాసేదీ జీతం లేని మామూలు జనమే, మారుపేర్లూ ఉన్నాయి. అయినా అక్కడ రాసిన వాక్యానికి మూలం చూపాలి. చూపకపోతే ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు పక్కన వచ్చి కూర్చుంటుంది. ప్రతి వ్యాసం వెనకా చర్చ పేజీ ఉంటుంది. ఎవరు ఏం మార్చారో చరిత్రలో నిలిచి ఉంటుంది. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ వెబ్ పత్రిక ప్రవాసాంధ్రుల చేతుల మీదుగా పుట్టి, సంపాదకుల పరిష్కరణతోనే రచనలు వేస్తూ వచ్చింది. ఒకే తీగ మీద రెండు రకాల మాటలు ప్రయాణిస్తున్నాయంటే తేడా తీగలో లేదు. ఆ చోటికి పెట్టుకున్న నియమంలో ఉంది, అక్కడికి వచ్చే మనిషికి దొరికిన శిక్షణలో ఉంది.

6. ‘ఇక యంత్రమే రాస్తుందిగా’

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ పాత వాదానికి కొత్త తోక మొలిచింది: వ్యాసం యంత్రం రాసిపెడుతుంది, ఇక రాత నేర్పి లాభమేమిటి? ఫోన్ రాతను చంపిందని ఏడ్చినవాళ్లే, రాత నేర్పనక్కర్లేదని ఊపిరి పీల్చుకోవడం ఇందులో విశేషం. యంత్రం రాసిన వ్యాసానికీ గైడులో ఉన్న వ్యాసానికీ తేడా ఉందేమో చూడండి. ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ఉపసంహారం. ఎవరి మీదా కోపం లేదు, ఎవరికీ జవాబు కాదు, ఎక్కడ రాసినా చెల్లుతుంది. నలభై ఏళ్లుగా మనం పిల్లల నుంచి కోరింది ఇదే, మార్కులు వేసింది దీనికే. యంత్రం ఇవాళ దాన్ని అరక్షణంలో ఇచ్చేస్తుంటే దోషం యంత్రానిది కాదు. యంత్రం రాయగలిగిన ప్రశ్ననే అడుగుతున్న పరీక్షది. ‘మీ ఊరి చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోవడానికి కాలువల శాఖ చెప్పే కారణాన్ని, రైతులు చెప్పే కారణాన్ని ఇద్దరూ ఒప్పుకునేలా రాసి, మీరు ఏ వైపో నిరూపించండి’ అని అడిగితే, పిల్లవాడు కాలువ గట్టు దాకా వెళ్లాలి, ఇద్దరి మాటా వినాలి. యంత్రం వాక్యాలు సర్దిపెడుతుందేమో, ఆ వినడం మాత్రం చేయదు.

7. ఈ వాదం ఎవరికి లాభం?

ఒక మాట ఇంత బలహీనంగా ఉండి కూడా ఇంతకాలం నిలిచిందంటే, దాన్ని నిలబెట్టుకోవడంలో కొందరికి సౌకర్యం ఉండాలి. ఫోనే దోషి అయితే, తెలుగు పీరియడ్ లెక్కలకు ఇచ్చేసిన బడి నిర్దోషి. మార్కుల కోసం భాష మార్పించిన కాలేజీ నిర్దోషి. బిట్స్ లేకపోతే ఫీజు దండగ అనుకున్న తల్లిదండ్రులూ నిర్దోషులే. అబద్ధాన్ని వేగంగా పరుగెత్తించే ఏర్పాటు చేసి దాని మీద ప్రకటనలు అమ్ముకునే కంపెనీలు కూడా ఈ మాటకు అభ్యంతరం చెప్పవు. ‘ఫోన్ వాడకం మీద నియంత్రణ మీ ఇంటి బాధ్యత’ అన్న వాళ్ల మాటకు ఇది చక్కగా సరిపోతుంది. అందరూ తప్పుకున్నాక మిగిలేది పద్నాలుగేళ్ల పిల్లవాడు. దోషం వాడిది, శిక్ష వాడికి.

కాబట్టి ఆగస్టు 29న చెప్పాల్సిన మాట వేరే ఉంది. వాదించడం ఒక విద్య, దాన్ని బడి నేర్పాలి, పరీక్ష పెట్టాలి. న్యాయశాస్త్రంలో అననుభాషణం అని ఒక నిగ్రహస్థానం ఉంది. సభకు అర్థమయ్యేలా మూడుసార్లు చెప్పినా ఎదుటివాడి మాటను తిరిగి చెప్పలేనివాడు ఓడిపోయినట్టే. జవాబు చెప్పలేకపోవడం తర్వాతి సంగతి, ముందు వినడమే రాలేదు కాబట్టి ఓటమి. తొమ్మిదో తరగతి నుంచి ఈ ఒక్క నియమాన్ని పట్టుకుని నడిపితే చాలు. నువ్వు వ్యతిరేకించే మాటను, ఆ మాట అన్నవాడు ‘అవును, నేనన్నది ఇదే’ అనేటట్టు ముందు రాయి. ఆ తర్వాత నీ మాట రాయి. పేరు పెట్టు. ఆధారం చూపు. వచ్చిన జవాబు చదివి, నీ మాటలో మార్చాల్సింది ఉంటే మార్చు. దీనికి కంప్యూటర్ ల్యాబు అక్కర్లేదు, కొత్త పుస్తకం అక్కర్లేదు. నిన్న రాత్రి ఊరి గ్రూపులో తిరిగిన సందేశమే పాఠ్యాంశం. కావాల్సిందల్లా ఆ పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వకపోవడం, ఆ వ్యాసాన్ని గైడు నుంచి దించితే మార్కులు వేయకపోవడం.

ఇవి చేసి చూశాక కూడా పిల్లలకు మాట రాకపోతే, అప్పుడు ఫోన్‌ను బోనెక్కించవచ్చు. అంతవరకూ ఆ నేరానికి ముద్దాయి స్థానంలో నిలబడాల్సింది బడి, కాలేజీ, పరీక్షల బోర్డు, వీటన్నిటికీ చప్పట్లు కొట్టిన మనం.